యూట్యూబ్ రాకున్నా సరే... ‘స్త్రీ’ సక్కగ రావాలె!

“అన్నా, గిన్ని పైసలు వెట్టి కొన్నవ్. ఇండ్ల యూట్యూబ్ రాదా?”

మా చిన్నమ్మ కొడుకు ఇంజినీరింగ్ సెకండియర్. మొన్న హనుమకొండలో మా ఇంటికొచ్చినప్పుడు నా ఈ-రీడర్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తెర మీద రెండు వేళ్లు పెట్టి సాగదీశాడు. వెనక్కి తిప్పి కెమెరా కోసం వెతికాడు. వాట్సాప్? రాదు. పాటలు? రావు. రంగులు? అవీ లేవు. “మరేమొస్తది?” అన్నాడు. పుస్తకం వస్తది అన్నా. నా వైపు జాలిగా చూసి, జేబులోంచి ఫోన్ తీసి, “పుస్తకం దీంట్ల గూడ వస్తది గదనే” అన్నాడు.

వాణ్ని తప్పు పట్టలేం. పది వేల పైచిలుకు పోసి కొన్న వస్తువు ఒక్క పనే చేస్తానంటే మన ఇళ్లలో ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అదే డబ్బుకు ఓ మోస్తరు స్మార్ట్‌ఫోన్ వస్తుంది. అది ఫొటో తీస్తుంది, పాట వినిపిస్తుంది, కరెంటు బిల్లు కడుతుంది, పొద్దున్నే లేపుతుంది. ఇదేమో నల్లటి అక్షరాలు చూపించి ఊరుకుంటుంది. గ్రూప్స్‌కి, డీఎస్సీకి ప్రిపేరయ్యే మిత్రులు నన్ను తరచూ అడిగేదీ ఇదే. రీడర్ కొనాలా, ట్యాబ్ కొనాలా? రీడర్‌లోనే ఆడియో, వీడియో, బ్రౌజర్ కూడా పెట్టేస్తే ఒక్కదాంతో పోయేది కదా?

నా మటుకు నేను చెప్పేది ఇది. వీడియో అక్కర్లేదు. గొంతు మాత్రం కావాలి. ఈ రెండింటి కన్నా ముందు తెలుగు చదివేవాళ్లకి ఇంకోటి కావాలి. దాని సంగతి కంపెనీలు ఎత్తవు, మనమూ గట్టిగా అడగం.

ఒకప్పుడు పాటలూ ఉండేవి

ఈ-రీడర్లు పుట్టుకతోనే సన్యాసులేం కావు. 2007 నవంబరులో అమెజాన్ మొదటి కిండిల్ తెచ్చినప్పుడు దాని ధర 399 డాలర్లు. దానికి బటన్ల కీబోర్డు ఉండేది, స్పీకర్ ఉండేది, ఇయర్‌ఫోన్ పెట్టుకునే చోటుండేది. ఎంపీ3 పాటలు ఎక్కించుకుని వింటూ చదువుకోవచ్చు. 2009లో బార్న్స్ అండ్ నోబుల్ వాళ్ల ‘నూక్’ వచ్చింది. అందులో నలుపు తెలుపు తెర కింద ఇంకో చిన్న రంగుల టచ్ తెర. పుస్తకాల అట్టలు అందులో రంగుల్లో జరుగుతుంటాయి.

ఆ తర్వాత ఏమైందో చూడండి. 2011లో వచ్చిన నూక్ సింపుల్ టచ్‌లో ఆ రంగుల తెర ఎగిరిపోయింది. అదే ఏడాది అమెజాన్ కీబోర్డూ స్పీకరూ పీకేసి, ప్రకటనలు చూపించే కిండిల్‌ని 79 డాలర్లకు అమ్మింది. ధర అంత దిగడానికి వేరే కారణాలూ ఉన్నాయనుకోండి, ఆ పీకివేతా అందులో ఒకటి. 2012 నాటి పేపర్‌వైట్‌లోనూ పాటల్లేవు. వాటికి బదులు చీకట్లో చదువుకునేలా తెరకి వెలుగు పెట్టారు. జనం మెచ్చింది దాన్నే. వీడియోలూ ఆటలూ కావాలన్నవాళ్ల కోసం కిండిల్ ఫైర్ అని వేరే వస్తువు చేసి పెట్టారు. పేరులో కిండిల్ ఉన్నా అది మామూలు ట్యాబే.

మన దేశంలోనూ ఓ ప్రయత్నం జరిగింది. 2010లో ఇన్ఫీబీమ్ కంపెనీ ‘పై’ అనే రీడర్‌ని రూ.9,999కి తెచ్చింది. భారతీయ భాషలూ చదువుకోవచ్చు, పాటలూ వినొచ్చు అన్నారు. ఇప్పుడు మీలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

కాబట్టి ‘రీడర్‌లో మల్టీమీడియా ఎందుకు పెట్టలేదు’ అనడం కన్నా, ‘పెట్టి ఎందుకు తీసేశారు’ అని అడగడమే సరైంది.

తొందర లేని తెర

కొంత జవాబు తెరలోనే ఉంది. ఈ-ఇంక్ తెర ఫోన్ తెర లాంటిది కాదు. అందులో వెంట్రుక మందమంత బుడగలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో బుడగలో ద్రవం, ఆ ద్రవంలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. తెల్లవాటికి ఒక చార్జ్, నల్లవాటికి దానికి ఎదురు చార్జ్. కరెంటు ఇచ్చినప్పుడు ఒక రంగు పైకి తేలుతుంది, రెండోది మునుగుతుంది. అలా పేజీ తయారవుతుంది. తర్వాత కరెంటు ఆపేసినా రేణువులు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. పేజీ తిప్పినప్పుడే బ్యాటరీ ఖర్చు. వారాల తరబడి చార్జింగ్ పెట్టకుండా నడిచేది అందుకే. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జరిగిన పని లోంచి 1997లో ఈ ఇంక్ కంపెనీ పుట్టింది. 2004లో సోనీ జపాన్‌లో అమ్మిన లిబ్రియే రీడర్‌తో అది జనం చేతుల్లోకి వచ్చింది.

రేణువు పాపం ఈదుకుంటూ పైకి రావాలి కదా, టైం పడుతుంది. పేజీ శుభ్రంగా మారడానికి దాదాపు అర సెకను. సినిమాకైతే సెకనుకు 24 ఫ్రేములు కావాలి. వేగం పెంచే మోడ్‌లు కొన్ని యంత్రాల్లో ఉన్నాయి గానీ, పాత బొమ్మ నీడ పోకముందే కొత్త బొమ్మ వచ్చి పడుతుంది. ‘నాటు నాటు’ పెట్టి చూస్తే ఇద్దరు హీరోలు ఆరుగురవుతారు.

రంగుల సంగతి కొంచెం నయం. 2024లో కోబో లిబ్రా కలర్, కిండిల్ కలర్‌సాఫ్ట్ వచ్చాయి. నలుపు తెలుపులో అంగుళానికి 300 చుక్కలుంటే రంగులో 150. వపా వేసిన ‘చందమామ’ ముఖచిత్రాన్ని అందులో చూస్తే ఎండలో వెలిసిన కాపీలా ఉంటుంది, అయినా ఇంటిల్లిపాదీ గుర్తు పడతారు. చిన్నపిల్లల పుస్తకాలకి, కామిక్స్‌కి, సైన్స్ డయాగ్రమ్‌లకి రంగు అవసరమే. నవలకి దాంతో పనేముంది?

ఘన్‌పూర్ నుంచి జనగామ దాకా

నాకు తరచూ కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే పని ఉంటుంది. నూట ముప్పై కిలోమీటర్ల పైమాట. పుష్‌పుల్ ఎక్కితే అన్ని స్టేషన్లూ పలకరించుకుంటూ వెళ్తుంది కాబట్టి చదువుకోవడానికి అంతకన్నా మంచి జాగా లేదు. ఓసారి కావాలనే ఫోన్లో నవల తెరిచి, ఎన్నిసార్లు పక్కకు పోతానో లెక్కపెట్టుకున్నా. ఘన్‌పూర్ నుంచి జనగామ చేరేలోపు పదకొండు నోటిఫికేషన్లు. బ్యాంకు మెసేజ్ ఒకటి, ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు మూడు, ఎవరో తెలియని వాళ్ల పెళ్లి రీల్, క్రికెట్ స్కోరు. ఏడు చూడకుండా వదిలేశా. నాలుగు తెరిచా. నాలుగోదాంట్లోంచి బయటికొచ్చేసరికి రైలు ఆలేరు దాటింది.

ఫోన్లో చదివేవాళ్లని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఈ వ్యాసం మీరు చదువుతున్నదీ ఫోన్లోనే. ఉన్న ఒక్క ఫోన్లోనే సిలబస్ అంతా చదివి ఉద్యోగం కొట్టినవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు. కానీ రీడర్‌కి పైసలు పెట్టేవాడు కొనుక్కునేది ఆ పదకొండు నోటిఫికేషన్లు లేకపోవడాన్నే. అందులో బ్రౌజరూ వీడియోలూ పెట్టామంటే, నెమ్మదిగా పనిచేసే ఫోన్‌ని ఎక్కువ ధరకి కొన్నట్టు.

పటం చూపిస్తూ చెప్పిన కథ

ఇదే మాట ఓ మిత్రుడితో అంటే నన్ను నిలదీశాడు. “మనోళ్లకు కథ అంటేనే బొమ్మ, పాట. ఒగ్గు కథ చూడు, బుర్రకథ చూడు, చేర్యాల పటం చూడు. చదువుడు అన్నది నడుమ వచ్చింది” అన్నాడు.

మంచి పాయింటే. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ, 2016లో జిల్లాలు విడదీసేదాకా మన వరంగల్ జిల్లానే. అక్కడి నకాషీ చిత్రకారులు గుడ్డ మీద చింతగింజల పిండీ సుద్దమట్టీ పూసి, ఎర్రటి నేపథ్యం మీద కథంతా గళ్లు గళ్లుగా బొమ్మలు వేసేవాళ్లు. మూరల కొద్దీ పొడవుండే పటం. దాన్ని కథకులు ఊళ్లోకి తెచ్చి, రాత్రిపూట వేలాడదీసి, ఒక్కో గడినీ చూపిస్తూ, వాయిద్యం మోగిస్తూ పాడి చెప్పేవాళ్లు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకి చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకి జాంబవ పురాణం చెప్పే డక్కలివాళ్లు... ఇట్లా ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథకి ఓ పటం, ఆ పటానికో బృందం. బొమ్మ, పాట, వాయిద్యం, అభినయం అన్నీ ఒకే చోట. మల్టీమీడియా అనే మాట పుట్టకముందే మన దగ్గర అది ఉంది, నిజమే.

కానీ అక్కడ ఎప్పుడు ఏ గడి చూడాలో చెప్పేది కథకుడు. పాట ఆపి గడి చూపిస్తాడు, గడి దాటి పాట ఎత్తుకుంటాడు. వందమంది కలిసి ఒకే వేగంతో నడుస్తారు. చదివేటప్పుడు ఆ పగ్గం మన చేతిలో ఉంటుంది. ఒక వాక్యం దగ్గర ఆగిపోయి కిటికీలోంచి పది నిమిషాలు బయటికి చూడొచ్చు. నచ్చని వర్ణన నాలుగు పేజీలు దాటేయొచ్చు. నవల మధ్యలో వీడియో వచ్చిందంటే ఆ పగ్గం మళ్లీ వేరేవాళ్ల చేతికి పోతుంది. పటం గొప్పది, పుస్తకమూ గొప్పదే. ఒకదాని పని ఇంకోదానికి అంటగట్టడం దేనికి? వినాలనిపిస్తే తెలుగులో దాసుభాషితం లాంటి ఆడియో యాప్‌లున్నాయి, హాయిగా వింటాను. అప్పుడు రీడర్ సంచిలోనే ఉంటుంది.

‘నేను చెవితోని చదువుత’

అయితే ఒక చోట నా వాదన ఆగిపోయింది. కాకతీయ యూనివర్సిటీలో చదివిన నా స్నేహితుడొకడికి చూపు లేదు. ఆడియో కూడా అక్కర్లేదంటావా అని అతను నన్ను అడిగాడు. “నీకు కండ్లున్నయ్ గాబట్టి గొంతు ఎక్‌స్ట్రా అంటున్నవ్. నేను చెవితోని చదువుత. నాకు అదే చదువుడు” అన్నాడు.

ఈ గొడవ ప్రపంచంలో ఇంతకు ముందే జరిగింది. 2009 ఫిబ్రవరిలో వచ్చిన కిండిల్ 2లో ఏ పుస్తకాన్నైనా యంత్రం గొంతుతో చదివి వినిపించే సౌకర్యం పెట్టారు. అమెరికాలో రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ ఒప్పుకోలేదు. ఆడియో హక్కులు వేరు, వాటికి వేరే డబ్బు కట్టాలి అంది. నెల తిరక్కుండానే అమెజాన్ వెనక్కి తగ్గి, గొంతు ఉంచాలో తీసేయాలో ప్రచురణకర్తల ఇష్టానికి వదిలేసింది. ఆ ఏప్రిల్‌లో చూపులేనివాళ్లూ, చదవడంలో ఇబ్బందులున్నవాళ్లూ న్యూయార్క్‌లో గిల్డ్ ఆఫీసు ముందు నిరసనకు దిగారు. అదే ఏడాది అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పాఠ్యపుస్తకాల కోసం కిండిల్ డీఎక్స్ వాడబోతే, అక్కడి అంధుల సంఘాలు కోర్టుకెళ్లాయి. పుస్తకం చదివి వినిపిస్తుంది సరే, ఆ పుస్తకాన్ని తెరవడానికి నొక్కాల్సిన మెనూ మాట్లాడదు కదా అన్నది వాళ్ల వాదన. 2010 జనవరిలో రాజీ కుదిరింది.

రచయితల బాధ నాకు అర్థమవుతుంది. ఆడియో బుక్ మీద వచ్చే నాలుగు రాళ్లు కూడా పోతే ఎట్లా? అయినా నేను నా మిత్రుడి వైపే. యంత్రం గొంతులో నవల వినడం అంత సరదా వ్యవహారమేం కాదు, ఒకసారి విని చూడండి. దాన్ని చదువు కోసం వాడతారు, కాలక్షేపానికి కాదు.

మన దేశానికి ఈ విషయంలో మంచి పేరే ఉంది. చూపులేని వాళ్లు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాల్ని మార్చుకునే వీలిచ్చే మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అన్ని దేశాల కన్నా ముందు ఆమోదించింది మనమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కూడా మొదలైంది. మరి తెలుగు పుస్తకం విషయంలో నా మిత్రుడికి ఇబ్బంది ఎక్కడొచ్చింది? గొంతు దగ్గర కాదు. ఫోన్‌లో తెలుగు చదివే గొంతు ఉంది. అతనికి దొరికే తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. మన కంటికి అది పేజీ, యంత్రానికి మాత్రం ఫొటో. ఫొటోని ఏ గొంతు చదువుతుంది?

ముక్కలైన ‘స్త్రీ’

అసలు విషయం ఇక్కడుంది.

నేను మొదట కొన్న రీడర్‌లో (కంపెనీ పేరు అనవసరం) తెలుగు ఈపబ్ ఫైల్ ఒకటి ఎక్కించి తెరిచా. మొదటి పేజీలో వరసగా డబ్బాలు. ఎక్కడో వెతికి ఫాంట్ పెట్టాక డబ్బాలు పోయి అక్షరాలొచ్చాయి. అయితే వత్తులన్నీ విడిపోయి పక్కకొచ్చి నిలబడ్డాయి. ‘స్త్రీ’ అన్న చోట ‘స్’, ‘త్’, ‘రీ’ క్యూలో నిల్చున్నట్టు ఉన్నాయి. పది లైన్లు చదివేసరికి తల తిరిగింది.

ఎందుకిలా అవుతుందంటే, కంప్యూటర్ లెక్కలో ‘స్త్రీ’ అంటే ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఈ ఆరింటినీ కలిపి, తకారాన్ని వత్తుగా కిందికి దించి, రకారాన్ని వంకర చేసి, గుడిని పైకెత్తి ఒకే అక్షరంగా కూర్చే సాఫ్ట్‌వేర్ ముక్క యంత్రంలో ఉండాలి. ఇంగ్లిష్‌కి ఈ బాధ లేదు. ఒక కోడు, ఒక అక్షరం, పక్కపక్కన పేర్చుకుంటూ పోతే చాలు. తెలుగు యూనికోడ్‌లో ఎప్పట్నుంచో ఉంది. అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇప్పుడు కూడా పనిచేస్తోంది. అది లేకపోతే ఈ వాక్యం మీకు ముక్కలుగా కనిపించేది. అంటే ఇది చేయలేని పని కాదు, చేయాలని ఎవరికీ పట్టని పని.

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అయిదు భాషలు. తెలుగు లేదు. రెండు రాష్ట్రాల భాష, 2011 జనాభా లెక్కల్లో ఎనిమిది కోట్ల మందికి పైగా మాతృభాష అని రాయించుకున్న భాష. అప్పుడు మనవాళ్లు సోషల్ మీడియాలో రెండ్రోజులు బాధపడి ఊరుకున్నారు. ఆ తర్వాత వచ్చిన కిండిల్ రివ్యూల్లో వాటర్‌ప్రూఫ్ ఉందా, బ్లూటూత్ ఉందా, రంగు ఉందా అన్నదే చర్చ. తెలుగులో యూట్యూబ్ రివ్యూలు చేసేవాళ్లు కూడా అందులో తెలుగు పుస్తకం తెరిచి చూపించడం నేను చాలా తక్కువగా చూశా.

ఇందులో ఇంకో తమాషా ఉంది. బూక్స్ లాంటి కంపెనీలు ఈ-ఇంక్ తెర పెట్టి లోపల ఆండ్రాయిడ్ నడిపే రీడర్లు చేస్తున్నాయి. వాటిలో యూట్యూబ్ కూడా తెరుచుకుంటుంది, వాట్సాపూ వస్తుంది. ‘స్త్రీ’ కూడా చక్కగా వస్తుంది, ఎందుకంటే ఆండ్రాయిడ్‌కి తెలుగు తెలుసు. అంటే ఇంగ్లిష్ పాఠకుడికి ప్రశాంతంగా చదువుకునే యంత్రం విడిగా దొరుకుతుంది. తెలుగు పాఠకుడు మాత్రం తన అక్షరం కోసం మొత్తం మల్టీమీడియాని నెత్తిన పెట్టుకోవాలి, దానికి ఎక్కువ ధర కూడా కట్టాలి.

హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ల సంగతి నాకు ఇక్కడ గుర్తొస్తుంది. నిజాం రాజ్యంలో ఆఫీసుల్లో, బడుల్లో ఉర్దూ. తెలుగు పుస్తకం దొరకడమే గగనం. వాళ్లు ముందు చేసిన పని తెలుగు పుస్తకం జనం చేతికి అందే చోటు ఒకటి ఏర్పాటు చేయడం. కుర్చీలు, ఫ్యాన్లు, బిల్డింగు ఆ తర్వాతి మాట.

ఆరంగుళాల్లో డెమ్మీ

‘పీడీఎఫ్ ఉంది కదా’ అంటారు. ఉంది. టెలిగ్రామ్ నిండా ఉన్నవి అవే. తెలుగు నవలలు ఎక్కువగా డెమ్మీ 1/8 సైజులో అచ్చవుతాయి. పేజీ వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు. ఆరంగుళాల రీడర్ తెర వెడల్పు 9 సెంటీమీటర్లు. పేజీ వెడల్పంతా తెరలో పట్టాలంటే 12 పాయింట్ల అక్షరం ఎనిమిదికి దిగుతుంది. ఇంగ్లిష్ అక్షరం ఎనిమిదిలోనూ బతుకుతుంది. మనది వత్తు మీద వత్తు, పైన గుడి, పక్కన సున్నా... ‘ష’కీ ‘ప’కీ తేడా తెలియదు. పెద్దది చేస్తే లైను సగం బయటికి పోతుంది. ఒక్కో లైనుకీ తెర అటూ ఇటూ జరుపుకుంటూ చదివితే పది పేజీలకే విసుగొస్తుంది.

బరువు సంగతీ చూడండి. రెండొందల పేజీల నవల యూనికోడ్ అక్షరాలుగా ఉంటే ఒకటి రెండు ఎంబీ దాటదు. అదే స్కాన్ పీడీఎఫ్ అయితే పదుల ఎంబీలు. పైగా అందులో వెతుకులాట పనిచేయదు, డిక్షనరీ పనిచేయదు, గొంతు రాదు.

మరి ప్రచురణకర్తలు అక్షరాలుగానే ఇవ్వొచ్చు కదా? అక్కడా ఓ ముడి ఉంది. తెలుగు పుస్తకాల డీటీపీ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో జరిగింది, ఇంకా జరుగుతోంది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. తెర మీద తెలుగు కనిపించినా లోపల ఉండేవి ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులు. ఫాంట్ తీసేస్తే పుస్తకం మొత్తం పిచ్చిగీతలు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక మళ్లీ ప్రూఫు దిద్దాలి. మూడొందల కాపీలు అమ్ముడుపోతే చాలనుకునే కవి ఆ ఖర్చు ఎక్కడ పెట్టుకుంటాడు? 2010లోనే మొదలై తెలుగు ఈ-పుస్తకాలు అమ్మిన కినిగె లాంటివాళ్లు ఎదురీదింది ఈ ప్రవాహంలోనే.

నేను అడిగే ఎక్‌స్ట్రాలు

ఎక్‌స్ట్రా ఫీచర్ ఒకటి కోరుకోమంటే నేను డిక్షనరీ అడుగుతా. ఇంగ్లిష్ పుస్తకంలో మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది. తెలుగులో అదే చేస్తే రాదు. పుస్తకంలో ‘వెళ్లిపోయాడట’ అని ఉంటుంది, నిఘంటువులో ‘వెళ్లు’ అనే ఉంటుంది. విభక్తి, కాలం, సంధి అన్నీ ఒలిచి లోపలి మాటని పట్టుకునే తెలివి యంత్రానికి ఉండాలి. మన మాండలికానికి ఇది మరీ అవసరం. వరంగల్ రచయిత నవలలో ‘జల్ది’, ‘పైలం’, ‘ఆగమాగం’ అని ఉంటే రాజమండ్రి పిల్లాడు వేలు పెట్టి తెలుసుకోవాలి. వాళ్ల ‘గమ్మున’, ‘బేగి’ మనకి తెలియాలి. దీని మీద పని చేస్తే అది పుస్తకానికి పనికొచ్చే టెక్నాలజీ. ఎన్‌ఐటీ వరంగల్‌లో ప్రాజెక్టు టాపిక్ కోసం వెతుక్కునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎవరైనా చదువుతుంటే, ఆలోచించండి.

రెండోది ఇంకా చిన్నది. తెలుగు మాటలు పొడవు. ఆరంగుళాల తెరలో రెండు అంచులూ సమానంగా వచ్చేలా సర్దితే మాటల మధ్య లారీ పట్టేంత సందు వస్తుంది. మాటని సరైన చోట విరిచి కింది లైనుకి తెచ్చే పద్ధతి కావాలి. ఇంగ్లిష్‌కి అది దశాబ్దాలుగా ఉంది.

ఇప్పటికిప్పుడు ఏం చేయొచ్చు

రీడర్ కొనాలనుకునేవాళ్లు షాపులోనో, స్నేహితుడి దగ్గరో ఒక తెలుగు ఈపబ్ తెరిచి ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ అనే మాటలు ఎలా ఉన్నాయో చూడండి. ఆ తర్వాతే స్టోరేజీ, రంగూ అడగండి. కోబో, పాకెట్‌బుక్ లాంటి వాటిలో కోరీడర్ అనే ఉచిత యాప్ వేసుకోవచ్చు. హార్ఫ్‌బజ్ అందులో ఉంది, తెలుగు ఫాంట్ మాత్రం మనం పెట్టుకోవాలి. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నవలకి మండలి బాగుంటుంది. రామభద్ర లావుపాటిది, శీర్షికలకే. పరీక్షల కోసం పెద్ద పీడీఎఫ్‌లు, టేబుళ్లు, మ్యాపులు చూడాల్సినవాళ్లు మొహమాటం లేకుండా ట్యాబే తీసుకోండి. ఆరంగుళాల రీడర్ మీ పనికి రాదు.

పుస్తకాల కోసం తెలుగు వికీసోర్స్ చూడండి. కాపీరైట్ తీరిన పుస్తకాల్ని వాలంటీర్లు స్కాన్ పక్కన పెట్టుకుని, పేజీ పేజీ యూనికోడ్‌లో దిద్ది పెడుతున్నారు. అక్కణ్నుంచి ఈపబ్‌గా దించుకోవచ్చు. దిద్దాల్సిన పేజీలు ఇంకా చాలా ఉన్నాయి, ఫోన్లోంచి కూడా దిద్దొచ్చు.

ఇక వరంగల్‌లో కవితలో, కథలో పుస్తకంగా వేయించుకుంటున్న మిత్రులకి ఒక మాట. ప్రెస్సులో డబ్బు కట్టేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ఫైల్ కూడా అడిగి తీసుకోండి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు ఇప్పుడు బాగానే కూర్చుంటుంది, ‘కుదరదు’ అంటే వేరే డీటీపీ సెంటర్ చూసుకోండి. అడగకపోతే ఆ ఫైల్ అక్కడి సిస్టమ్‌లోనే ఉండిపోతుంది. ఆ సిస్టమ్ కరాబైన రోజున దాంతోపాటే పోతుంది.